చెంబు అడుగు ఇసుక

నేను ఒక జిర్కాన్ రేణువును. ఈ పేరు వినగానే ఉంగరంలో పొదిగే రాయి గుర్తుకొస్తే ఆ పొరపాటు నాది కాదు, నగల కొట్టువాళ్ళది. నేను ఇసుకలో ఉండేదాన్ని. నా పక్కన ఆవగింజను పెడితే అది గుమ్మడికాయలా కనిపిస్తుంది. నన్ను మీరు చూసి ఉండరు. కానీ ఏ నది ఒడ్డునో కూర్చుని, లేచి, బట్టలు దులుపుకుని ఉంటే నా బంధువులు కొందరు మీ మీదినుంచి రాలే ఉంటారు.

ఇప్పుడు నేను ఒక జిగురు బిళ్ళలో ఉన్నాను. రూపాయి బిళ్ళంత ఉంటుంది. అందులో మేం నూట పదిహేడు మందిమి. ఏడో వరసలో నాలుగోదాన్ని నేను. బయటినుంచి చూసేవాళ్ళకు నేను కదలకుండా ఉన్నట్టే లెక్క. లోపలి సంగతి వేరు. నాలో కొంచెం యురేనియం ఉంది. అది ఊరుకునే జాతి కాదు. ఎప్పుడో ఒకప్పుడు, ఫలానా క్షణంలో అని ఎవరూ ముందుగా చెప్పలేని క్షణంలో, ఒక పరమాణువు విరుగుతుంది. విరిగి, మళ్ళీ విరిగి, చివరికి సీసమై ఊరుకుంటుంది. యురేనియంలోనూ సీసంలోనూ బరువులో మాత్రమే తేడా ఉన్న కవలలు ఉంటారు. వాళ్ళను ఐసోటోపులు అంటారు. ఏ కవల ఎంత మిగిలింది, ఏ కవల ఎంత పోగయింది అని కొలిస్తే, నేను ఎంతకాలంగా ఇలా లోలోపల విరుగుతూ ఉన్నానో తెలుస్తుంది. మనుషులు దాన్ని నా వయసు అంటారు. నేనైతే దాన్ని నా అశాంతి అంటాను.

నాకు రెండు పుట్టుకలు. మొదటిది నూట ఎనభై అయిదు కోట్ల ఏళ్ళ కిందట, కరిగిన రాయి చల్లారుతున్న ఒక చోట. ఆ చోటు ఇప్పుడు లేదు. బెంగ పెట్టుకోవడానికి కూడా దాని గుర్తులు మిగల్లేదు. రెండోది రెండు కోట్ల పది లక్షల ఏళ్ళ కిందట, హిమాలయాలు లేస్తున్న రోజుల్లో. ఆ ఒత్తిడికి నేనున్న రాయి మళ్ళీ కరిగింది. చుట్టూ అందరూ కరిగారు, నేను కరగలేదు. దాన్ని ధైర్యం అనుకోకండి. కరిగితే మళ్ళీ నేనుగా లేస్తానో లేదోనన్న భయం అది. కరిగినవాళ్ళందరూ చల్లారుతూ వచ్చి నా చుట్టూ కొత్త పొరగా పేరుకున్నారు. అప్పటినుంచి లోపల ముసలి గింజ, బయట లేత అంచు. రెంటికీ మధ్య సన్నటి గీత. బయటికి చూపించే వయసొకటి, లోపల మోసే వయసొకటి కావడం మనుషులకు కొత్త కాదనుకుంటాను.

తర్వాత కొండ పగిలింది. మంచు నన్ను కొంత దూరం ఈడ్చింది, వాగు కొంత దూరం దొర్లించింది, చివరికి గంగలో పడ్డాను. నదిలో మాకు మతమంటూ ఏదైనా ఉంటే అది సముద్రం. ఎవరూ వెళ్ళి చూసి వచ్చి చెప్పింది లేదు. అయినా అందరూ నమ్ముతారు. ఒక వరద లేపుతుంది, ఒక మేట కూర్చోబెడుతుంది. మేటలో వందల ఏళ్ళు కూర్చున్నా, పైనుంచి నీళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ ఏం చేస్తున్నావు, పద, పద, అన్నట్టు ఉంటుందది. ఆ చప్పుడు వినబడినంతసేపూ నిలకడ లేదు. వినబడకపోతే ఇంకా భయం.

అలా దొర్లుతూ కాశీ దాకా వచ్చాను. ఒక మెట్టు అంచున, మోకాలి లోతు నీళ్ళ కింద, మరో వరద కోసం ఎదురుచూస్తున్నాను. అక్కడికి ఒక పొద్దున ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన యాత్రా బస్సు వాళ్ళది. ముందున్నావిడ పెమ్మాడి ధనమ్మ. అంతర్వేది దగ్గర పల్లిపాలెంలో ఎండు చేపలమ్మే మనిషి. వెనకున్నావిడ ఆమె ఆడపడుచు సీతాయమ్మ. పైమెట్టు మీద ఒకడు మూతలకు తగరంతో మాటు వేసిన రాగి చెంబులు పరుచుకుని కూర్చున్నాడు.

"గంగాజలం తీస్కోమ్మా, అంతా సీలు వేసిందే," అన్నాడు వాడు, యాత్రికుల దగ్గర నేర్చుకున్న తెలుగులో.

"నువ్వే బోరింగు కింద పట్టేవో నాకేం తెల్సు? కాళీ చెంబియ్యి. నేను ముంచుకొచ్చాక మాటేద్దువుగాని," అంది ధనమ్మ.

"వదినా, బస్సెల్లిపోద్ది. ఏ నీళ్ళయితే ఏంటే, పోయేటప్పుడు రుచి సూత్తావా ఏంటి?"

"రుచి కోసవా? నా కొడుకు సేత్తో ఇది నా నోట్లో పడాల. నిజం గంగే పడాల. నడు నువ్వు, నీకెందుకు!"

ఎండు చేపల వ్యాపారంలో ముప్ఫై ఏళ్ళు తూకం చూసిన చెయ్యి ఆమెది. పైపైన ముంచితే తృప్తి ఎలా కలుగుతుంది? చెంబు మూతిని నేలకు ఆనించి, నది అడుగునంతా గీరుకుంటూ ఒక్క తోపు తోసి పైకెత్తింది. నేనూ, నాతోపాటు కొంచెం ఇసుకా అందులో పడ్డాం. చెంబులవాడు మూత పెట్టి, చుట్టూ మాటు పోశాడు. వెలుతురు గుండ్రంగా సన్నబడుతూ వచ్చి, ఆరిపోయింది.

పదిహేడేళ్ళు.

నూట ఎనభై అయిదు కోట్ల ఏళ్ళు గడిపినదానికి పదిహేడేళ్ళు ఒక లెక్కా అని మీరు అనవచ్చు. కానీ అంతకుముందు ఏ చీకటికీ ఒక ఉద్దేశం లేదు. ఈ చీకటికి ఉంది. నేను ఒక మనిషి చావుకోసం దాచిన నీళ్ళ అడుగున ఉన్నాను. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. దేవుడి గూట్లో పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టారు. పండగలకు పెద్ద దేవుడి పటానికి పెట్టే పువ్వులో ఒక రెక్క చెంబు మీద కూడా పెట్టేవాళ్ళు. ఆ ఇంట్లోకి వచ్చిన ప్రతివాడి చూపూ ఒకసారి గూటి దాకా వచ్చి, చెంబును తాకకుండా పక్కకు జరిగేది. మనుషులు తమ భయాన్ని ఏదో ఒక పాత్రలో పోసి మూతకు మాటు వేయిస్తారని, పైన బొట్టు పెడితే అది భక్తి అవుతుందని నాకు అక్కడే తెలిసింది.

ధనమ్మ మూడుసార్లు చచ్చిపోబోయింది. మొదటిసారి జ్వరం. రెండోసారి జారిపడి తుంటి ఎముకకు దెబ్బ. మూడోసారి ఊపిరాడలేదు. ఆమె కొడుకు ఏడుకొండలు పడవ నడిపేవాడు. మూడోసారి అతను నిజంగానే చెంబు దించి, వలలు కోసే చాకు మాటు మీద ఆనించాడు. రాగి మీద చాకుమొన గీరిన ఆ చప్పుడుకు నా లోపలి గింజకూ అంచుకూ మధ్య ఉన్న గీత కూడా కదిలినట్టయింది. ధనమ్మ కళ్ళు తెరిచింది.

"ఆగరా. ఏంటా తొందర! ముందు కాస్త కాఫీ కలపమను మీ ఆవిణ్ణి."

కోడలు నాగవేణి వంటగదిలోంచే, "ఈసారీ లేదంటండి, చెంబెట్టేయండి పైన," అంది. ఇంట్లో అందరూ ఒక్కసారిగా నవ్వారు. నవ్వాక సిగ్గుపడ్డారు. చెంబు మళ్ళీ గూట్లోకి ఎక్కింది. మాటు మీద గీత మాత్రం మిగిలింది.

నాలుగోసారి ఎవరినీ పిలవలేదు. ఎండు చేపల బుట్టతో మనుషులనూ బళ్ళనూ నది దాటించి నరసాపురం చేర్చే పంటు ఎక్కింది. రేవు సగం దాటాక పక్కనున్న మోటారుసైకిలు సీటు మీదికి ఒరిగిపోయింది. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు ప్లాస్టిక్ సీసా మూత తీసి రెండు గుక్కలు నోట్లో పోశాడట. ఏడుకొండలు వచ్చేసరికి ఆ నీళ్ళు ఆమె చెంప మీద ఆరిపోయి ఉన్నాయి. ఇంటికి తీసుకొచ్చి హాల్లో పడుకోబెట్టినప్పుడు, పదడుగుల దూరంలో, గూట్లో, నేను ఉన్నాను. ఎవరూ చెంబు వైపు చూడలేదు. ఏడుకొండలైతే ఆ గోడ వైపే తిరగలేదు.

మూడో రోజు అస్థికలు కలపడానికి బయల్దేరినప్పుడు అతను చెంబు దించి చంకలో పెట్టుకున్నాడు. వాసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట, నదినీ సముద్రాన్నీ విడదీసే అన్నాచెల్లెళ్ళ గట్టుకు ఇవతల, లోతు తక్కువ చూసి పడవ ఆపాడు. నీళ్ళలో ఒక వెదురు గడ పాతాడు, చోటు గుర్తుకు. అస్థికలు వదిలాడు. తర్వాత చాకుతో మాటు పెరికి చెంబు వంచాడు.

"ఇదిగోనే అమ్మా," అన్నాడు. అంతే అన్నాడు.

నీళ్ళతోపాటు నేనూ బయటపడ్డాను. మిగతా ఇసుక చాలావరకు గట్టిపడి చెంబు అడుగునే అంటుకుపోయింది. నేను మునుగుతూ మునుగుతూ ఉప్పు రుచి చూశాను. సముద్రం. బారెడు దూరంలో. ఆటు మొదలైతే చాలు, నేను వెళ్ళిపోతాను. నది మొత్తం నమ్మిన చోటుకి వేరే నది దారిలో దొంగతనంగా వచ్చాను, అయినా వచ్చాను. ఇన్ని కోట్ల ఏళ్ళలో నాకు ఆశ అనేది అంత పదునుగా ఎప్పుడూ తగల్లేదు. వెదురు గడ మొదట్లో, ఇసుక మడతలో ఇరుక్కుని, పెద్ద ఆటు కోసం రెండు రోజులు ఎదురుచూశాను.

మూడో రోజు ఇనప దవడలు వచ్చి నన్ను కరిచాయి.

ఆ దవడలు వినీలవి. ఆ అమ్మాయి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నది. ఏలూరు పిల్ల. తాడు కట్టి కిందికి వదిలితే నది అడుగు మట్టిని కరిచి పైకి తెచ్చే పరికరం అది. ఆమెను పడవ మీద తిప్పే ఏడుకొండలు దాన్ని ఇనప పీత అనేవాడు. గోదావరి ఇప్పుడు సముద్రానికి ఏ కొండల మట్టి తెస్తున్నదో తేల్చడం ఆమె పని. పడమటి నల్లరాతి గుట్టలది ఎంత, దగ్గరి తూర్పు కనుమలది ఎంత, ఆనకట్టల వెనక ఆగిపోతున్నది ఎంత. మట్టి రాకపోతే సముద్రం ఒడ్డు తినేస్తుంది. పల్లిపాలెంలో ఏడుకొండలు అప్పటికే ఒక ఇల్లు వదిలి వెనక్కి జరిగినవాడు కాబట్టి, ఆ పని సంగతి అతనికి ఆమె విడమరిచి చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

అయితే అతను ఆమెకు ఒక సంగతి చెప్పలేదు. తల్లి పోయి వారం కూడా కాలేదు. పెద్ద కర్మ కాకుండా పడవెక్కవద్దని నాగవేణి గుమ్మంలో అడ్డం నిలబడింది. ఇంట్లో కూర్చుంటే గూడు కనిపిస్తుంది, అందుకని అతను వచ్చేశాడు. మైలలో ఉన్నవాడి పడవ చదువుకున్నవాళ్ళయినా ఎక్కుతారో ఎక్కరో. గడ్డం ఎందుకు పెంచావని ఆమె అడిగితే మొక్కు ఉందన్నాడు. ఇక పడవ సంగతి. వినీల చేతిలోని జీపీఎస్ చూసి ఒక చోటు చెప్పింది. పడవ మాత్రం వెదురు గడ దగ్గర ఆగింది. మోసం చేద్దామని కాదు, అతని చెయ్యి అటే తిరిగింది.

"బాబాయ్, మనం అనుకున్న చోటు ఇంకా నూట నలభై మీటర్లు అవతల ఉందే."

"అక్కడ లాగుడెక్కువండమ్మాయిగారూ. పీత నిలబడదు. ఇదే మంచి సోటు."

"సరేలే, ఇక్కడే వేద్దాం," అని, ఉన్న చోటునే పుస్తకంలో రాసుకుంది.

అక్కడినుంచి నా బతుకు సంచిలోకి, సంచిలోంచి జల్లెడలోకి మారింది. తేలికైన ఇసుకంతా పైకి తేలి, నాలాంటి బరువు రేణువులు మాత్రం అడుగుకు చేరే ఒక చిక్కటి ద్రవంలో ముంచారు. అయస్కాంతం చూపించారు, నేను ఒప్పుకోలేదు. భూతద్దం కింద సూదిమొనతో ఏరి, వరసగా పేర్చి, జిగురు పోశారు. జిగురు గట్టిపడ్డాక బిళ్ళను అరగదీశారు. మా లోపలి భాగాలు కనబడాలట. నాలో సగం పొడి అయి నీళ్ళతో కొట్టుకుపోయింది. ఆ నీళ్ళు ఎక్కడికి పోయాయో నాకు తెలియదు. నా మిగతా సగం దాని గురించి ఆలోచించని రోజు లేదు.

మా మీద లేజరు కాంతి పెట్టి చిన్న గొయ్యి తవ్వి, లేచిన ఆవిరిలో కవలలను యంత్రం తూస్తుంది. ఒక్కో రేణువుకు ఒక్క గొయ్యి, అది కూడా నడిమధ్యన. అది వినీల గురువు సోమయాజులు గారి నియమం. నా నడిమధ్య నూట ఎనభై అయిదు కోట్లు పలికింది. గోదావరి దేశంలో కూడా ఆ వయసు రాళ్ళున్నాయి. నేను స్థానికుల్లో కలిసిపోయాను. అక్కడితో ఆగితే ఈ కథ లేదు. వినీలకు ఇచ్చిన యంత్ర సమయంలో ఇంకా నాలుగు నిమిషాలు మిగిలాయి. లేచి వెళ్ళిపోయే స్వభావం కాదు ఆ పిల్లది. గోళ్ళు కొరుక్కుంటూ తెర మీద మా బొమ్మలన్నీ ఒకసారి తిప్పి, నా దగ్గర ఆగింది. నా అంచు కొంచెం వేరే రంగులో ఉంది. అంచు మీద రెండో గొయ్యి తవ్వింది.

రెండు కోట్ల పది లక్షల ఏళ్ళు.

గోదావరి తడిపే రాళ్ళలో అంత లేత వయసున్న జిర్కాన్ పుట్టిన చోటు లేదు. అక్కడ అన్నిటికంటే లేతవైన ఆ నల్లరాతి గుట్టలే ఆరున్నర కోట్ల ఏళ్ళవి. వినీల ఆ అంకె చూసి మొదట సంతోషించింది. రెండు క్షణాల తర్వాత ఆ సంతోషం మొహం మీదే గడ్డకట్టింది. ఆ వయసు ఎక్కడిదో ఆ ప్రయోగశాలలో అందరికీ తెలుసు. ఆమెకంటే ముందు చదివినతను అదే గదిలో, అవే జల్లెడలతో గంగ మట్టి మీద పనిచేశాడు.

"రెండో దెబ్బ ఎందుకు కొట్టావమ్మా? ఒకటి చాలన్నాను కదా," అన్నారు సోమయాజులు గారు.

"నాలుగు నిమిషాలు మిగిలాయి సార్."

"మిగిలితే టీ తాగాలి." ఆయన నవ్వలేదు. "జల్లెడ కడిగావా?"

"ప్రతిసారీ కడిగాను సార్. పుస్తకంలో రాసుంది."

"ఆ ముందతనూ రాశాడు. ఒకటి దొరికిందంటే దొరకనివి ఎన్నో! మన జల్లెడలో గంగ మట్టి ఉంటే నీ పన్నెండు సంచులూ పనికిరావు. మూడేళ్ళు పోయినట్టే. మార్చిలోపల సంజాయిషీ చూపించు, లేదా అన్నీ పారబోసి మళ్ళీ మొదలుపెట్టు. నేనైతే సంతకం పెట్టలేను."

ఆయన చెడ్డవాడు కాదు. ముప్ఫై ఏళ్ళుగా ఇతరుల మురికిని చూస్తూ వచ్చినవాడు, అంతే.

ఆ తర్వాత వారం రోజులు వినీల నా ముందు కూర్చుంది. కంప్యూటరు తెర మీద నేను ఒక వరస. ఆ వరసను చెరిపేస్తే ఎవరికీ తెలియదు. నూట పదహారు మంది చక్కగా ఒకే మాట చెబుతారు. ఆమె వేలు మీట దాకా వచ్చేది, ఆగేది. చెరపలేకపోవడం నిజాయితీ అని మీరు మెచ్చుకుంటారేమో. దగ్గరినుంచి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, అంతకంటే ముందు అది భయం. చెరిపేస్తే, మిగిలిన ప్రతి రేణువు వైపూ జీవితమంతా అనుమానంగా చూడాల్సి వస్తుంది. తన చేతులు కడుక్కున్నానా లేదా అని ఆమె అప్పటికే తనను తాను అడగడం మొదలుపెట్టింది. రోజుకు పదిసార్లు చేతులు కడిగేది. కడిగిన చేతులను వెలుతురులో తిప్పి చూసేది. నాకు తెలిసిన జవాబు ఆమెకు రెండంగుళాల దూరంలో ఉంది. నాకు నోరు లేదు. వయసు తప్ప మరేమీ చెప్పలేని సాక్షిని నేను.

చివరికి ఒక ఉదయం నన్ను బిళ్ళతో సహా చేతిసంచిలో వేసుకుని, ఎవరికీ చెప్పకుండా, అంతర్వేది బస్సెక్కింది. నియమం ప్రకారం బిళ్ళ గది దాటకూడదు. ఒంటరిగా వెళ్ళడానికి ఆమెకు మనసొప్పలేదనుకుంటాను.

ఏడుకొండలు ఒడ్డున పడవకు తారు పూస్తున్నాడు. గడ్డం తీసేశాడు.

"బాబాయ్, ఆ రోజు మీ పడవలో వేరే ఇసకేమన్నా ఉందా? వేరే ఊరి మట్టి?"

"నా పడవలోనా? రోజూ రెండుపూట్లా కడుగుతానండీ. మా ఆవిడ వంటగిన్నె కన్నా సుబ్బరంగా ఉంటది. ఎవరన్నారండి?"

"ఎవరూ అనలేదు. నేనే అడుగుతున్నా. ఆ వెదురు గడ దగ్గర తీసిన మట్టిలో ఒకటి దొరికింది. అది ఇక్కడిది కాదు. హిమాలయాలది."

"అంటే?"

"గంగానది ఇసక."

తారు బ్రష్షు ఆగింది.

"గంగ అంటే... కాశీ కూడా అందులోకే వత్తాదాండీ?"

"వస్తుంది. ఏం?"

అతను బ్రష్షు డబ్బాలో పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, చాలాసేపు ఆ చేతులనే చూసుకున్నాడు. తర్వాత చెప్పాడు. పంటు మీద చావు, ప్లాస్టిక్ సీసా, చెంబు, చాకు. చివరికి మైల సంగతి కూడా.

"మీకు సెబితే పడవెక్కరేమోనని మొక్కన్నానండి. అబద్దవండది. పీత కూడా అక్కడే ఎందుకేయించానో నాకే తెలవదండి. మీ పని సెడగొట్టేనా అండి?"

వినీల ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె అడిగింది ఒకటే.

"చెంబు ఉందా?"

"ఉందండి. మా ఆవిడ నిన్నే సింతపండెట్టి తోమిందండి."

ఆ మాటకు ఆమె కింద కూర్చుంది, తడి ఇసుకలోనే. ఈలోగా నాగవేణి చెంబు తెచ్చింది. బంగారంలా మెరుస్తున్నది.

"లోపలా తోమారా?" అంది వినీల, లేవకుండానే.

"లోపలికి సెయ్యెక్కడ పడద్దండి? ఆ మూతి సూడండి. మా అత్త సెయ్యే పట్టేది కాదు. ఆడిస్తే ఇంకా గరగరమంటంది," అని నాగవేణి చెంబు చెవి దగ్గర ఆడించింది.

గరగర. నా పాత ఇంటివాళ్ళ గొంతు అది. చేతిసంచిలో ఉండి విన్నాను.

"ఇది నాకు రెండు వారాలు కావాలి బాబాయ్. అడుగున ఉన్నదాంట్లో సగం తీసుకుంటాను. మిగతాది మళ్ళీ ఇచ్చేస్తాను."

ఏడుకొండలు భార్య వైపు చూశాడు.

"ఇచ్చేయండి," అంది నాగవేణి. "గూట్లో ఉన్నన్నాళ్ళూ ఎవురి నోట్లోనూ పడలేదు. ఈ పిల్లకన్నా పనికొత్తే మంచిదే."

మాట కొంచెం గట్టిగానే తగిలింది. కానీ చెంబు చేతులు మారింది.

ఈసారి వినీల కొత్త జల్లెడ కొన్నది. చెంబులోంచి వచ్చింది చెంచాడు ఇసుక. అభ్రకం తళతళలు, ఎర్రటి గోమేదికపు నలుసులు, వాటి మధ్య మావాళ్ళు ఇరవై ముగ్గురు. వాళ్ళలో ఎనిమిది మందికి నాలాంటి లేత అంచు ఉంది. రెండు కోట్లు, రెండు కోట్ల పది లక్షలు, రెండు కోట్ల ఇరవై లక్షలు. చెంబు వంచిన చోటూ, నన్ను కరిచిన చోటూ ఒకటేనని చెప్పే అంకెలు ఆమె పుస్తకంలో ముందే ఉన్నాయి. అనుకున్న చోటు కాకుండా ఆగిన చోటు రాసుకోవడం ఆమెను కాపాడింది. సోమయాజులు గారు కాగితాలు రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి తుడిచారు.

"అయితే జల్లెడ శుభ్రమే," అన్నారు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ విని ఎరగరు. తర్వాత అడిగారు, "ఈ పదమూడోదాన్ని ఏమని రాస్తావు? పన్నెండు నమూనాలకూ చోటు పేరుంది."

ఆమె రాసింది నాకు తెలుసు, నా ముందే రాసింది. నమూనా పదమూడు: పెమ్మాడి ధనమ్మ చెంబు. దాని కింద నా గురించి ఒక్క వాక్యం. ఈ రేణువు నదితో రాలేదు, మనిషితో వచ్చింది. ఆయన ఎరుపు కలం పట్టుకుని దాని మీద కాసేపు ఆగారు. కొట్టెయ్యలేదు.

రెండు వారాలన్నది నెల అయింది. వినీల చెంబు తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నన్ను కూడా తీసుకెళ్ళింది. ఇది రెండో తప్పు. అలవాటైన తప్పు. ఏడుకొండలు ఆమెను పడవ మీద వెదురు గడ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె మిగిలిన ఇసుక పొట్లాన్ని చెంబులో పోసి అతనికిచ్చింది. తర్వాత సంచిలోంచి బిళ్ళ తీసింది.

"ఆ రోజు దొరికింది ఇందులోనే ఉంది బాబాయ్. ఏడో వరసలో నాలుగోది. కంటికి కనపడదు."

అతను తడి చేతులు తుడుచుకుని బిళ్ళను ఎండలో పైకెత్తి పట్టుకున్నాడు. ఒక కన్ను మూశాడు. నేను అతని తల్లి నాలుక మీద పడవలసినదాన్ని. పదిహేడేళ్ళు ఆ పని కోసమే కాచుకుని, ఆ ఒక్క పనీ చేయకుండా మిగతా అన్ని పనులూ చేసినదాన్ని. ఆ సంగతి అతనికీ తెలుసు. చాలాసేపు చూశాడు.

"కనపడుతుందండి," అన్నాడు.

అది అబద్ధం. నన్ను ఏ కన్నూ అలా చూడలేదు. అయినా నూట ఎనభై అయిదు కోట్ల ఏళ్ళలో, నన్ను చూశానని ఒక మనిషి అబద్ధం చెప్పడం అదే మొదలు.

బిళ్ళ తిరిగి ఇచ్చేసి అతను చెంబుతో నీళ్ళలోకి దిగాడు. ఇసుక పారబోస్తాడేమో అనుకున్నాను. పారబోయలేదు. మూతి నేలకు ఆనించి, అచ్చం తల్లిలాగే అడుగు గీరుతూ ఒక తోపు తోసి, నిండా ముంచుకుని పైకెత్తాడు.

"వచ్చే నెల కాశీ ఎల్తన్నానండి. మా అమ్మ అక్కణ్ణించి తెచ్చింది గదా. ఇక్కడిది కొంచెం అక్కడ కలిపేసి వత్తాను. అప్పుడుగానీ నాకు నిద్దర పట్టదు."

వినీల నోరు తెరిచింది. అక్కడ కూడా ఎవరో ఒకరు ఇనప పీత వేస్తూ ఉంటారని, గంగ అడుగున గోదావరి రేణువు దొరికితే వాళ్ళ గురువు జల్లెడ కడిగావా అని అడుగుతాడని, ఇవన్నీ ఆమె మొహంలో ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. చివరికి సంచిలోంచి ఒక కాగితం ముక్క, పెన్సిలూ తీసి అతని జేబులో పెట్టింది.

"ఎక్కడ పోశావో రాసుకుని రా బాబాయ్. ఏ రేవు, ఎన్నో మెట్టు, ఏ తారీకు. ఎప్పుడో ఎవరో అడుగుతారు."

"ఆయ్," అన్నాడు అతను.

ఆ చెంబులో ఇప్పుడు ఏ నల్లరాతి రేణువో, ఏ తూర్పు కనుమల రేణువో చిక్కుకుని ఉంటుంది. సముద్రానికి బారెడు దూరంలో ఉన్నానని అది కూడా అనుకుని ఉంటుంది. దానికి ఏమీ చెప్పలేను. నాలో అరిగిపోయిన సగం ఈపాటికి ఏ కాలువ దారినో అవతలికి చేరి ఉంటుందని నాకు నేను చెప్పుకుంటాను. నమ్మకం కుదరదు. మళ్ళీ చెప్పుకుంటాను.

ఆటు మొదలైంది. వినీల బిళ్ళను గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుంది. ఏడుకొండలు గెడ వేశాడు. పడవ కింద నీళ్ళన్నీ ఒక్కటై సముద్రం వైపు పోతున్నాయి. నేను వాటి మీదుగా, వాటికి ఎదురుగా, ఒడ్డుకు పోతున్నాను.